కారులో మోగే వర్క్ జోన్ అలర్ట్‌లు, మన స్పీడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేరీలాండ్, వర్జీనియా, డీసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు బెల్ట్‌వే, అంటే నగరం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు, ఎక్కకుండా వారం గడవదు. చలి తగ్గగానే వర్క్ జోన్లలో, అంటే రోడ్డు పని జరిగే చోట్ల, నారింజ రంగు డ్రమ్ములు మొలుస్తాయి, మళ్ళీ మంచు పడేదాకా ఉంటాయి. ఫోన్ ఒక మాట అంటుంది, బోర్డు ఇంకో మాట అంటుంది, వెనక ట్రక్కు వాడు హారన్ కొడతాడు. తెలిసినవాళ్ళు, కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలివి. ఎక్కువగా మేరీలాండ్ సంగతులే చెప్పాను. ఈ విషయంలో అక్కడ జరిగినంత కథ మిగతా చోట్ల జరగలేదు, పైగా ఆ కథలో మన హైదరాబాద్ ఆవిడ ఒకరు ఉన్నారు.

ముందు రోడ్డు పని జరుగుతోందని ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

సగం మనమే చెప్తాం. వేజ్ అనే దారి చూపే యాప్ వాడేవాళ్ళు దారిలో కోన్లు కనిపిస్తే ఒక బటన్ నొక్కుతారు, వెనక వచ్చేవాళ్ళకు అది అలర్ట్‌గా వెళ్తుంది. గూగుల్ 2013లో వేజ్‌ని కొన్నాక ఇలాంటి కబుర్లు గూగుల్ మ్యాప్స్‌లోనూ కనిపించడం మొదలైంది. రద్దీ టైములో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. రాత్రి రెండు గంటలకు రోడ్డు మీద నలుగురే ఉన్నప్పుడు చెప్పేవాళ్ళుండరు. పెద్ద పనులు ఎక్కువగా జరిగేది ఆ టైములోనే.

మిగతాది ప్రభుత్వాల దగ్గర్నుంచి వస్తుంది. మేరీలాండ్‌లో చార్ట్ అనే ట్రాఫిక్ కేంద్రం ఉంది. ఏ రోడ్డులో ఏ లేన్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా మూస్తారో అది ప్రకటిస్తుంది. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా రాస్తే యాప్‌లు చదవలేవు కాబట్టి, అందరూ ఒకే పద్ధతిలో ఇవ్వడానికి అమెరికా రవాణా శాఖ డబ్ల్యూజడ్‌డీఎక్స్ అనే నమూనా తయారు చేయించింది. పేరుకి నోరు తిరగదు గానీ ఉపయోగం పెద్దది.

చిక్కు ఏమిటంటే, ఆ సమాచారం ప్లాన్‌ని బట్టి ఉంటుంది. రాత్రి 9కి లేన్ మూస్తామని కాంట్రాక్టర్ రాసిస్తాడు. వాన పడి పని ఆగిపోయినా ఆ కబురు కంప్యూటర్‌లోకి ఎవరూ ఎక్కించకపోతే ఫోన్ మాత్రం అలర్ట్ ఇస్తూనే ఉంటుంది.

అందుకే ఇప్పుడు సామాన్ల చేతే మాట్లాడిస్తున్నారు. లేన్ మూసినప్పుడు బాణం గుర్తు మెరిసే పెద్ద బోర్డు పెడతారు కదా, దానికి చిన్న మోడెమ్, జీపీఎస్ తగిలిస్తారు. బోర్డు వెలిగిస్తే కబురు వెళ్తుంది, ఆర్పితే ఆగిపోతుంది. షికాగోకి చెందిన హాస్ అలర్ట్ అనే సంస్థ చేసే పని దాదాపు ఇదే. ఫైర్ ఇంజన్లు, రోడ్డు పని ట్రక్కులు లైట్లు వేయగానే ఆ సంగతి వేజ్‌లోనూ, స్టెలాంటిస్ కంపెనీ కొత్త జీప్, రామ్, డాడ్జ్ బండ్ల తెరల మీదా కనిపిస్తుంది. నన్నడిగితే నమ్మదగ్గది ఇదే. మనిషి చెప్పడం మర్చిపోవచ్చు, పని జరుగుతున్నప్పుడు లైట్ వేయడం మర్చిపోడు.

సరే, అలర్ట్ వినగానే డ్రైవర్లు నిజంగా స్పీడు తగ్గిస్తారా?

కొంత తగ్గిస్తారు. ఎంత అన్నది అలర్ట్ ఏం చెప్పింది, చెప్పింది నిజమైందా అన్న రెండిటి మీద ఉంటుంది.

ఇండియానా రాష్ట్రంలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని అసలు రోడ్ల మీదే చూశారు. వర్క్ జోన్ దగ్గర బండ్లు ఆగిపోయి వరస కట్టినప్పుడు, ఆ వరస తోకకి కాస్త వెనక మెరిసే బోర్డున్న ట్రక్కు నిలబెట్టారు. అదే కబురు నావిగేషన్ యాప్‌లకూ పంపారు. కనెక్టెడ్ కార్ల నుంచి, అంటే నెట్‌కి కలిపి ఉండే కార్ల నుంచి, వచ్చే డేటాతో ఎవరెవరు గట్టిగా బ్రేక్ తొక్కారో లెక్కేస్తే, ట్రక్కు ఉన్నప్పుడు అలాంటి బ్రేకులు సుమారు 80 శాతం తగ్గాయి. ఈ అంకెని పట్టుకుని ఫోన్ అలర్ట్ ఒక్కటే అద్భుతం చేసిందని చెప్పేవాళ్ళున్నారు. అది తొందరపాటు. అక్కడ కళ్ళ ముందు ట్రక్కూ ఉంది, లైటూ ఉంది, అలర్టూ ఉంది. మూడూ ఒకే మాట చెప్పాయి కాబట్టి జనం విన్నారు.

మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు సిమ్యులేటర్‌లో చూసినప్పుడు, రోడ్డు పక్క బోర్డు చదవడం కంటే కారులోనే తెర మీద కనిపిస్తూ వినిపించిన సందేశంతో డ్రైవర్లకు బుర్ర మీద భారం తగ్గింది, డ్రైవింగూ మెరుగుపడింది. ఫోన్ చూస్తే ధ్యాస చెదురుతుందేమోనని చాలామందికి ఉండే భయానికి ఇది కొంత జవాబు. అయితే అది సిమ్యులేటర్. అక్కడ వెనక సీట్లో పిల్లలు కొట్టుకోరు.

ఇక అసలు రోగం సంగతి. అమెరికా ట్రాఫిక్ గుర్తులన్నిటికీ ప్రమాణమైన మాన్యువల్, ఎంయూటీసీడీ, వర్క్ జోన్ల గురించి ఒక మాట ఒప్పుకుంటుంది: తగ్గించాల్సిన అవసరం కళ్ళకు కనిపిస్తేనే డ్రైవర్లు తగ్గిస్తారు. ఒట్టి బోర్డు చూసి పాదం లేపినవాడు అర మైలు దాకా ఎవరూ కనపడకపోతే మళ్ళీ నొక్కేస్తాడు. అలర్ట్‌కీ ఇదే గతి. "ముందు పని జరుగుతోంది" అని ఉదయం నుంచి నాలుగుసార్లు విని, నాలుగుసార్లూ ఖాళీ కోన్లే చూసినవాడికి అయిదోది నాన్నా పులి కథే. "అర మైలు ముందు ట్రాఫిక్ ఆగిపోయి ఉంది" అని వస్తే మాత్రం ఎవరి పాదమైనా లేస్తుంది. మొదటిది ఊరికే సమాచారం, రెండోది ఇప్పుడేం చేయాలో చెప్తుంది. అలర్ట్‌ల సంఖ్య పెంచడం కంటే తప్పు అలర్ట్‌లు తగ్గించడం మీద డబ్బు ఖర్చు పెడితే మేలని నాకనిపిస్తుంది.

అలర్ట్ ఎంత ముందు రావాలి?

లెక్క చూడండి. 65 మైళ్ళ స్పీడులో వెళ్తున్న కారు, డ్రైవర్ చూసి, అర్థం చేసుకుని, బ్రేక్ తొక్కి ఆగేసరికి రోడ్డు ఇంజనీర్ల లెక్క ప్రకారం 645 అడుగులు పోతుంది. 55లో 495 అడుగులు, 45లో 360 అడుగులు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో రెండు గోల్ గీతల మధ్య 300 అడుగులు ఉంటుంది. అంటే 65లో వెళ్ళేవాడికి ఆగడానికి రెండు మైదానాలు కూడా చాలవు.

అలా అని మరీ ముందు చెప్పినా లాభం లేదు, అయిదు మైళ్ళలో మర్చిపోతాం. ఫ్రీవే మీద హెచ్చరిక బోర్డులు మూడు వరసగా పెడతారు, మొదటిది దాదాపు మైలు ముందే వస్తుంది. ట్రక్కులు ఆగడానికి ఎక్కువ దూరం కావాలి కాబట్టి వాళ్ళ అలర్ట్ రెండు మూడు మైళ్ళ ముందే రావడం మంచిది.

యాప్‌లో 65 అని ఉంది, నారింజ బోర్డు పక్కన 55 అని ఉంది. ఏది నమ్మాలి?

బోర్డు. యాప్‌లో చాలాసార్లు పాత, శాశ్వత లిమిట్టే ఉంటుంది.

రోడ్డు మీద పనివాళ్ళు ఒక్కరూ లేనప్పుడు కూడా ఎందుకు తగ్గించాలి?

వర్క్ జోన్‌లో స్పీడు తగ్గించమంటే పాపం పనివాళ్ళ కోసమే అనుకుంటాం. వాళ్ళ కోసం కూడా. కానీ అమెరికాలో 2022లో వర్క్ జోన్ ప్రమాదాల్లో పోయిన 891 మందిలో అయిదింట నాలుగు వంతులు కార్లలో, ట్రక్కుల్లో ఉన్నవాళ్ళు, అంటే మనలాంటివాళ్ళే. అంతకు ముందు ఏడాది, 2021లో, 950 దాటింది. ప్రాణాలు తీసిన ఈ ప్రమాదాల్లో సుమారు మూడో వంతులో స్పీడు ఒక కారణం.

పని జరగకపోయినా రోడ్డు మామూలుగా ఉండదు. రోడ్డు అంచున బండి ఆపుకునే షోల్డర్ మూసేసి ఉంటుంది, అంటే తప్పించుకోవడానికి పక్కకు చోటు లేదు. లేన్ సన్నబడుతుంది. కొత్త తారుకీ పాత తారుకీ మధ్య అంచు ఉంటుంది. పాత తెల్లగీతలు చెరిపినా వాన రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో మళ్ళీ తేలతాయి, ఏ గీత నిజమో తెలియదు. కాంక్రీటు గోడ మన అద్దానికి రెండడుగుల దూరంలో ఉంటుంది. ఎవరూ లేరు కదా అని 70లో పోతే ఆ గోడ మాత్రం ఉంది.

2023లో బాల్టిమోర్ దగ్గర జరిగింది ఏమిటి? ఇప్పుడు ఇన్ని స్పీడు కెమెరాలు దానివల్లేనా?

దానివల్లే. 2023 మార్చి 22 మధ్యాహ్నం, వుడ్‌లాన్ దగ్గర 695 బెల్ట్‌వే మీద, లేన్ మారబోయిన ఒక కారు ఇంకో కారుకి తగిలింది. రెండూ గంటకు వంద మైళ్ళకు పైగా పోతున్నాయి, అక్కడి లిమిట్ 55. మొదటి కారు అదుపు తప్పి కాంక్రీటు బ్యారియర్ల మధ్యలోంచి పని చోటులోకి దూసుకుపోయింది. పని బండ్లు లోపలికి వెళ్ళడానికని వదిలిన సందు అది. ఆరుగురు పనివాళ్ళు అక్కడికక్కడే పోయారు.

గోడ ఉంది, బోర్డు ఉంది, పట్టపగలు. ఫోన్‌లో అలర్ట్ వచ్చి ఉంటే ఆ ఇద్దరూ తగ్గించేవాళ్ళా? నాకు నమ్మకం లేదు. 60లో పోయేవాణ్ణి అలర్ట్ 52కి దించగలదు. 110లో పోయేవాడికి అది పాటల మధ్య ఇంకో చప్పుడు.

గవర్నర్ వెస్ మూర్ వర్క్ జోన్ భద్రత మీద ఒక బృందం వేసి, లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్‌ని దానికి అధ్యక్షురాల్ని చేశారు. ఆవిడ హైదరాబాద్‌లో పుట్టారు, ఏడేళ్ళ వయసులో అమెరికా వచ్చారు. మనవాళ్ళ సభల్లో ఆవిణ్ణి రాజకీయ నాయకురాలిగానే పరిచయం చేస్తారు గానీ, అంతకు ముందు ఆవిడ సివిల్ ఇంజనీర్. మాంట్‌గమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్ళు పనిచేశారు. ఈ పనికి ఆవిడ పేరు ఊరికే పెట్టలేదు. ఆ బృందం సిఫార్సుల నుంచే 2024లో రోడ్డు పనివాళ్ళ రక్షణ చట్టం వచ్చింది. కెమెరాలు పెరిగిందీ, జరిమానాలు పెరిగిందీ దానితోనే.

ఇప్పుడు మేరీలాండ్‌లో కెమెరా టికెట్ ఎంత?

ఆ చట్టానికి ముందు ఎంత స్పీడుకైనా ఒకటే రేటు, 40 డాలర్లు. లిమిట్ 55 ఉన్నచోట 68లో పోయినా 98లో పోయినా 40. 2025 జనవరి 1 నుంచి మెట్లు పెట్టారు. లిమిట్ మీద 12 నుంచి 15 మైళ్ళు ఎక్కువైతే 60 డాలర్లు, 16 నుంచి 19 అయితే 80, 20 నుంచి 29 అయితే 140, 30 నుంచి 39 అయితే 270, 40 గానీ ఆపైన గానీ అయితే 500. పనివాళ్ళు ఉన్నప్పుడు ఇవన్నీ రెట్టింపు. అంటే పై మెట్టు వెయ్యి డాలర్లు.

పనివాళ్ళు లేకపోయినా కెమెరా టికెట్ వేస్తుంది. కెమెరా ఉందని ముందే బోర్డు పెడతారు, దాచిపెట్టి పట్టుకోవడం ఏమీ లేదు. బోర్డు చూసి కూడా టికెట్ తెచ్చుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, 40 డాలర్ల కాలంలో. "చవగ్గా పాఠం నేర్చుకున్నావు" అంది మా ఆవిడ.

లైసెన్స్ మీద పాయింట్లు పడతాయా? ఇన్సూరెన్స్ పెరుగుతుందా?

కెమెరా టికెట్ అయితే రెండూ లేవు. బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళకు వస్తుంది. కట్టకుండా వదిలేస్తే రిజిస్ట్రేషన్ రెన్యూ చేసేటప్పుడు అడ్డం పడుతుంది. పోలీసు ఆపి రాస్తే అది వేరే కథ, పాయింట్లు ఉంటాయి. అద్దె కారులో ఉన్నప్పుడు వస్తే కంపెనీ వాళ్ళు మీకు పంపుతారు, పైన వాళ్ళ చార్జీ కూడా వేస్తారు.

నది దాటి వర్జీనియాలోకి వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ కెమెరా లిమిట్ కంటే 10 మైళ్ళ పైన పోతే పట్టుకుంటుంది, జరిమానా 100 డాలర్లు దాటదు. పోలీసు రాసిన టికెట్ మాత్రం వర్క్ జోన్‌లో 500 దాకా పోవచ్చు.

స్పీడు తగ్గిస్తే ఆఫీసుకి లేటవుతుంది కదా?

మూడు మైళ్ళ వర్క్ జోన్‌ని 65లో దాటితే 2 నిమిషాల 46 సెకన్లు పడుతుంది. 55లో దాటితే 3 నిమిషాల 16 సెకన్లు. తేడా 30 సెకన్లు. కాఫీ షాపు డ్రైవ్ త్రూలో ముందు కారు వాడు చిల్లర వెతుక్కునే టైము కూడా కాదు.

వెనకవాడు తోసుకొస్తుంటే?

ఇది న్యాయమైన ప్రశ్న. అందరూ 65లో ఉన్నప్పుడు మీరొక్కరే టక్కున 45కి దిగితే మీరే ప్రమాదం. అలర్ట్ ముందే రావడంలో అసలు లాభం ఇక్కడే ఉంది. మైలు ముందు తెలిస్తే బ్రేక్ తొక్కకుండా పాదం లేపి, మెల్లగా దిగొచ్చు. కుడి లేన్‌లోకి మారండి. ముందు ట్రాఫిక్ ఆగిపోయి ఉంటే, మీ వెనక ఎవరూ ఆగకముందే హజార్డ్ లైట్లు కాసేపు వేయండి.

నా కారులో అడాప్టివ్ క్రూజ్ (ముందు కారుని బట్టి స్పీడు తనే సర్దుకునేది), ఆటోమేటిక్ బ్రేక్ ఉన్నాయి. అలర్ట్‌లతో నాకేం పని?

ఈ నమ్మకం చూస్తే నాకు టెన్షన్. మీ కారు మాన్యువల్ ఒకసారి తీయండి. చాలా కార్ల మాన్యువల్స్‌లో అడాప్టివ్ క్రూజ్ గురించి రాసి ఉంటుంది: ఆగి ఉన్న బండిని, ముఖ్యంగా ఎక్కువ స్పీడులో, గుర్తించకపోవచ్చు అని. ముందు కదులుతున్న కారుని అనుసరించడం దానికి బాగా వచ్చు. ఆ కారు లేన్ మారిపోయి, ఆగి ఉన్న వరస తోక హఠాత్తుగా బయటపడితే దానికి టైము చాలదు. వర్క్ జోన్‌లో జరిగేది సరిగ్గా ఇదే.

లేన్ మధ్యలో ఉంచే సిస్టమ్ గీతల్ని చూసి నడుస్తుంది. ఇక్కడ గీతలే అబద్ధం. చేతులు వదిలేసి నడిపే సిస్టమ్స్ చేసే కంపెనీలు కూడా వర్క్ జోన్‌లో వాడొద్దనే రాస్తాయి. నారింజ బోర్డు కనిపించగానే క్రూజ్ తీసేసి స్టీరింగ్ మీరే పట్టుకోండి.

బోర్డుల్ని కెమెరాతో చదివి డాష్‌బోర్డులో లిమిట్ చూపించే కార్లు కూడా వచ్చాయి. తాత్కాలిక బోర్డుని కొన్నిసార్లు చదువుతాయి, కొన్నిసార్లు పక్కనున్న ఎగ్జిట్ బోర్డుని చదువుతాయి.

ట్రక్కు డ్రైవర్లకు వేరే అలర్ట్‌లు ఉంటాయా?

ఉంటాయి. డ్రైవ్‌వైజ్ లాంటి సంస్థలు ట్రక్కులో ఉండే టాబ్లెట్‌కే ముందు ట్రాఫిక్ ఆగిపోయిందన్న కబురు పంపుతాయి. ఒహాయో, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు దీన్ని వాడుతున్నాయి. వర్క్ జోన్లలో ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో సుమారు మూడింట ఒకదానిలో పెద్ద ట్రక్కు ఉంటుంది కాబట్టి ముందు వాళ్ళకు చెప్పడం తెలివైన పనే.

అలర్ట్ వచ్చినప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుని చూడొచ్చా?

వద్దు. మేరీలాండ్‌లో ఫోన్ చేత్తో పట్టుకోవడం 2010 నుంచే నేరం, వర్జీనియాలో 2021 నుంచి. అసలు వర్జీనియా ముందు వర్క్ జోన్లలోనే ఈ నియమం పెట్టింది, 2019లో, 250 డాలర్ల జరిమానాతో. స్టాండ్‌లో పెట్టి గొంతు వినండి. గూగుల్ మ్యాప్స్ తెలుగులో కూడా దారి చెప్తుంది. అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు అలా పెట్టాను. అప్పట్నుంచి ఫోన్ ఒకసారి చెప్తే, వెనక సీట్లోంచి అమ్మ రెండోసారి చెప్పేది: "ఆవిడేదో అంటోంది, కాస్త వినరా." ఇంతకంటే మంచి అలర్ట్ నేను చూడలేదు.

పోలీసు రాడార్‌ని పసిగట్టే రాడార్ డిటెక్టర్ పెట్టుకుంటే సరిపోతుందిగా?

వర్జీనియాలో, డీసీలో కారులో అది ఉండడమే చట్టవిరుద్ధం.

పనివాళ్ళకు కూడా అలర్ట్ వెళ్తుందా?

కొన్ని చోట్ల. కోన్‌ని కారు గుద్దగానే సైరన్ మోగే పరికరాలు ఉన్నాయి. కానీ 60లో వచ్చే కారు సెకనుకి 88 అడుగులు పోతుంది, సైరన్ విని తల తిప్పే లోపలే అది వచ్చేస్తుంది.

ఇక్కడొక విషయం గుర్తొస్తుంది. 2024 మార్చి 26న అదే 695 మీదున్న కీ బ్రిడ్జిని ఓడ గుద్దింది. ఓడ నుంచి ముందే కబురు రావడంతో పోలీసులు వంతెన ఎక్కే కార్లను ఆపగలిగారు. వంతెన మీద గుంతలు పూడుస్తున్న పనివాళ్ళను దించే లోపు అది కూలిపోయింది, ఆరుగురు పోయారు. అది స్పీడు ప్రమాదం కాదు. కానీ ఒకే కబురు కార్లకు టైముకి చేరి, పని చేసేవాళ్ళకు చేరకపోవడం చూస్తే, ఈ వ్యవస్థల్ని ఎవర్ని తలుచుకుని కడుతున్నారో ఆలోచించాలనిపిస్తుంది.

యూరప్‌లో ఉన్న మా తమ్ముడి కారు ఇంకా ముందుంది అంటున్నాడు. నిజమేనా?

కొంత నిజమే. జర్మనీలో హైవే పనుల దగ్గర పెట్టే హెచ్చరిక ట్రైలర్లు నేరుగా కార్లతో రేడియోలో మాట్లాడతాయి, మధ్యలో ఫోన్ గానీ యాప్ గానీ అక్కర్లేదు. 2019లో వచ్చిన ఎనిమిదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ అలాంటి కబురు అందుకోగలదు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో స్పీడు లిమిట్ దాటితే హెచ్చరించే సిస్టమ్ తప్పనిసరి. అమెరికాలో అలాంటి నియమం లేదు. ఈ రేడియో కబుర్ల కోసమని దాచి ఉంచిన తరంగాల్లో సగానికి పైగా 2020లో వైఫైకి ఇచ్చేశారు.

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఇవేమైనా పనిచేస్తాయా?

గూగుల్ మ్యాప్స్ చెప్పినంత చెప్తుంది. మన దగ్గర వర్క్ జోన్ ఎలా పెట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 55 అనే పుస్తకంలో స్పష్టంగానే రాసి ఉంది: ముందు హెచ్చరిక, తర్వాత దారి సన్నబడే భాగం, తర్వాత పని చోటు, చివర మళ్ళీ మామూలు దారి. రాత్రిపూట ఫ్లైఓవర్ పని దగ్గర డైవర్షన్ బోర్డు కనిపించేది మాత్రం మలుపు తిరిగేటప్పుడే. జియో నెట్‌వర్క్ ద్వారా ప్రమాదాల చోట్ల గురించి, దారి మళ్ళింపుల గురించి ఫోన్లకు ముందే హెచ్చరిక పంపడానికి జాతీయ రహదారుల సంస్థ 2025 డిసెంబర్‌లో ఒప్పందం చేసుకుంది. అది అందరికీ వచ్చేదాకా, రాత్రి ప్రయాణమైతే ఆ దారి తెలిసిన డ్రైవర్‌ని పెట్టుకోండి.

ఊరికే మోగుతుంటే విసుగొస్తోంది. అలర్ట్‌లు ఆపేయొచ్చా?

అన్నీ ఆపకండి. వేజ్‌లో రోడ్డు గుంతలు, పక్కన ఆగిన బండ్లు లాంటివి కావాలంటే తీసేసి, ట్రాఫిక్ ఆగిపోవడం, రోడ్డు పని, స్పీడు ఎక్కువైందన్న హెచ్చరిక మాత్రం ఉంచుకోండి. స్పీడు హెచ్చరికని లిమిట్ మీద 5 మైళ్ళకు పెడితే మేరీలాండ్ కెమెరా కంటే ముందే అది అరుస్తుంది. ఇక రోజూ వెళ్ళే దారిలో కోన్లు ఎత్తేశాక కూడా అలర్ట్ వస్తుంటే, ఆగినప్పుడు "ఇప్పుడు లేదు" అన్న బటన్ నొక్కండి. మీ వెనక వచ్చేవాడు దాన్నిబట్టే తరవాతి అలర్ట్‌ని నమ్మాలా వద్దా అనుకుంటాడు.